ఈస్ట్ ఆరెంజ్‌లో అమ్మ పాడిన శనివారాలు

అమ్మ పోయాక టెక్సస్‌లోని ప్లేనోలో మా తెలుగు చర్చివాళ్ళు జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. ప్రార్థన అయ్యాక హాల్లో అల్యూమినియం ట్రేల ముందు లైన్లో నిలబడి బిర్యానీ పెట్టుకుంటుంటే, చర్చిలో కీబోర్డు వాయించే అమ్మాయి నా పక్కకొచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. "ఆంటీ, మమ్మీ చెప్పింది, అమ్మమ్మగారు జాజ్ సింగర్ అంట కదా? ట్రూనా? నేను ఎప్పుడు వినలేదు ఆమె పాడింది," అంది. నిజమేనన్నాను. ఇంకేమైనా చెబుతానేమోనని ఆ పిల్ల కాసేపు అక్కడే నిలబడింది. కానీ ప్లేటు చేత్తో పట్టుకుని చెప్పే సంగతి కాదది. ఈ ఊరివాళ్ళకు అమ్మ అంటే ముందు వరసలో తెల్లచీర కట్టుకుని, పాటలప్పుడు పెదవి కదపకుండా కళ్ళు మూసుకుని కూర్చునే ముసలావిడ. అంతకుమించి వాళ్ళకు తెలిసే దారి లేదు. తెలిసినవాళ్ళలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను.

నా చిన్నప్పుడు మేము న్యూజెర్సీలో ఈస్ట్ ఆరెంజ్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. అమ్మ నర్సు. ఆమె ఉద్యోగం పట్టుకునే ముగ్గురం వచ్చాం. ఒంగోల్లో కెమిస్ట్రీ లెక్చరర్‌గా ఉన్న నాన్నకు ఇక్కడ ఒక రంగుల ఫ్యాక్టరీ ల్యాబులో పని దొరికింది. సాయంత్రం ఆయన చొక్కాకు టర్పెంటైన్ వాసన, అమ్మ చేతులకు ఆస్పత్రి సబ్బు వాసన. చలికాలమంతా గదిలో రేడియేటర్ బుసలు కొడుతుండేది. దాని మీద గిన్నె పెట్టి అమ్మ ఇడ్లీపిండి పులియబెట్టేది. చేపల పులుసు పెట్టిన రోజు, బయట ఎంత చలిగా ఉన్నా సరే, కింది ఫ్లాటువాళ్ళు ఏమనుకుంటారోనని నాన్న కిటికీలన్నీ తీయించేవారు. ఒకరోజు ఆ కింది ఫ్లాటావిడే మెట్ల మీద ఎదురై, ఆ చేప ఎలా వండుతారో చెప్పమని అమ్మను అడిగింది. ఆ తరవాత కిటికీలు మూసే ఉంచాం.

తెల్లవారకముందే కుటుంబ ప్రార్థన. నాన్న బైబిలు వాక్యం చదివేవారు, అమ్మ కీర్తన ఎత్తుకునేది. అమ్మది సన్నటి పై స్థాయి గొంతు. చీరాల దగ్గర వాళ్ళ ఊరి చర్చికి మైకు లేదు. ఆడవాళ్ళ వరసలో చాప మీద కూర్చుని పాడితే బయట పందిట్లో నిలబడ్డవాళ్ళకు కూడా స్పష్టంగా వినబడేదట. పెళ్ళిచూపులకు వెళ్ళిన మా నాయనమ్మ పిల్లను సరిగ్గా చూడనేలేదనీ, పాట విని ఖాయం చేసుకుని వచ్చేసిందనీ మా ఇంట్లో చెప్పుకునేవారు. నాన్న ఎవరినీ పొగిడే మనిషి కాదు. కానీ అమ్మ కీర్తన ఎత్తుకున్నప్పుడు ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టేవారు. పాట పూర్తయ్యేదాకా మళ్ళీ పెట్టుకునేవారు కాదు.

అప్పటికి మా చుట్టుపక్కల తెలుగు చర్చి లేదు. మొదట్లో బస్సెక్కి వెళ్ళిన ఒక చర్చిలో అందరూ మర్యాదగా నవ్వారు గానీ మా బల్ల మీద ఎవరూ కూర్చోలేదు. పులుసు సంగతి అడిగిన కింది ఫ్లాటావిడే మమ్మల్ని మా వీధి చివరి బాప్టిస్టు చర్చికి తీసుకెళ్ళింది. అది నల్లజాతివాళ్ళ చర్చి. ఆడవాళ్ళు పెద్దపెద్ద టోపీలు పెట్టుకుని వచ్చేవాళ్ళు. కొన్నాళ్ళకు పాస్టర్‌గారు అమ్మను మీ దేశం పాట ఒకటి పాడమన్నారు. అమ్మ లేచి కీర్తన ఎత్తుకుంది. రెండో పాదానికే వెనక నుంచి ఎవరో "ఊఁ, పాడమ్మా" అన్నారు. ఇంకెవరో "తొందరపడకు, నిదానం" అన్నారు. మా వైపు పాట మధ్యలో మాట్లాడితే పెద్దలు కళ్ళెర్రజేస్తారు. తప్పు పాడుతున్నానేమోనని అమ్మ ఆపేసి నాన్న వైపు చూసింది. అప్పుడు చర్చిలో పాటలు పాడే క్వాయర్ బృందంలోంచి పొడుగ్గా, నిండుగా ఉన్న ఒకావిడ ముందుకొచ్చి, "వాళ్ళు నిన్ను ఆపడంలేదు తల్లీ, నిన్ను మోస్తున్నారు. పాడు," అంది. ఆవిడే మిస్ ఒడెస్సా.

మిస్ ఒడెస్సా సౌత్ కరొలైనాలో పుట్టింది. చిన్నప్పుడు గుడారాలు వేసి జరిపే ప్రార్థన కూటాల్లో బల్లెక్కి పాడేదట. పెద్దయ్యాక ఒక బ్యాండుతో బస్సులో ఊరూరా తిరిగింది. పాట వినడానికి వందలమంది వచ్చే ఊళ్ళలోనే పడుకోవడానికి హోటల్లో నల్లవాళ్ళకు గది ఇచ్చేవాళ్ళు కాదని, బస్సులో సీట్లకు అడ్డంగా కాళ్ళు చాపుకుని పడుకునేవాళ్ళమని వంట సంగతి చెప్పినంత మామూలుగా చెప్పేది. మేము చూసేనాటికి ఆవిడ స్కూలు ఆఫీసులో పనిచేస్తూ, శనివారం సాయంత్రాలు ఒక భోజనాల క్లబ్బులో జాజ్ పాడేది. ఆదివారం పొద్దున చర్చిలో క్వాయర్ నడిపేది. రెండిటికీ ఒకే నల్ల బూట్లు. అమ్మ పేరు సుగుణ అని ఎన్నిసార్లు చెప్పినా ఆవిడకు 'షుగర్' అనే వచ్చేది. కొన్నాళ్ళకు చర్చంతా అమ్మను సిస్టర్ షుగర్ అనడం మొదలుపెట్టింది. వాళ్ళిద్దరి స్నేహం వంటింట్లో ముదిరింది. ఆవిడ తెచ్చే కాలర్డ్ ఆకు మా ఇంట్లో పప్పులో పడి గోంగూరకు ప్రత్యామ్నాయం అయింది. అమ్మ ఇచ్చిన లవంగం బుగ్గన పెట్టుకోకుండా ఆవిడ స్టేజి ఎక్కేది కాదు.

నేను హైస్కూల్లో చేరిన ఏడు అమ్మకు గొంతు దగ్గర వాపు కనబడింది. థైరాయిడ్. నర్సు కాబట్టి తన మెడను తనే తడిమి చూసుకుని, ఏమిటో నాన్నకు చెప్పింది. ఆపరేషన్ చేయక తప్పదన్నారు. గొంతుకు వెళ్ళే నరం పక్కనే గడ్డ ఉందని, గొంతు మారే ప్రమాదం ఉందని డాక్టరు ముందే చెప్పాడు. అలాగే జరిగింది. ఇంటికొచ్చిన అమ్మ "ఎస్తేరూ, మంచినీళ్ళు తే" అంటే, ఎవరో మగమనిషి పిలిచినట్టనిపించి నేను తలుపు వైపు చూశాను. మాట కొన్ని నెలలకు తేరుకుంది. పాట తేరుకోలేదు. ఒకరోజు తెల్లవారి ప్రార్థనలో కీర్తన ఎత్తుకోబోతే పై స్వరం దగ్గర గొంతు చీలి, గాలి మాత్రం వచ్చింది. మళ్ళీ ఎత్తుకుంది. మళ్ళీ గాలే. నాన్న కళ్ళజోడు తీసిన చెయ్యి అలాగే ఉండిపోయింది. "దేవుడి చిత్తం, సుగుణా," అన్నారు చివరికి. అమ్మ లేచి వెళ్ళి డ్యూటీకి తయారైంది. ఆ రోజు నుంచి మా ప్రార్థనలో పాట లేదు. నాన్న వాక్యం చదవగానే ఆమేన్ అనుకుని లేచేవాళ్ళం. చర్చిలో అమ్మ క్వాయర్ వైపు చూడకుండా కిటికీ పక్కకు మారింది.

మిస్ ఒడెస్సా కొన్ని వారాలు చూసింది. ఓ సాయంత్రం ఆకుకూర గిన్నెతో వచ్చి, గిన్నె పొయ్యి మీద పెట్టి, కుర్చీ లాక్కుని అమ్మ ఎదురుగా కూర్చుంది. ఆవిడ కరొలైనా ఇంగ్లీషు అమ్మకు సగమే అర్థమయ్యేది కాబట్టి మధ్యలో నేను.

"నీ గొంతు పోయిందని ఎవరు చెప్పారు?" అంది.

"ఎవరూ చెప్పక్కర్లేదు. నాకే తెలుస్తోంది," అంది అమ్మ.

"పోలేదు. కింది అంతస్తుకు దిగింది. నువ్వు మేడ మీదే నిలబడి పిలుస్తున్నావు. అది మెట్లెక్కలేదు. నువ్వే దిగిరా."

అమ్మ లేచి ఆకుకూర గిన్నె మీద మూత తీసి చూసింది. తరవాత నాతో తెలుగులో, "ఆమెకేందే, తేలిగ్గా చెప్పుద్ది. కింద పాడితే అది నేనెట్లా అవుతాను?" అంది. నేను అనువాదం చేశాను. మిస్ ఒడెస్సా, "అది నాకూ తెలియదు. కిందికి వెళ్ళి చూద్దాం," అంది.

అలా మంగళవారాలు మొదలయ్యాయి. అమ్మకు ఆ రోజు సెలవు. ఆవిడ ఇంట్లో ముందుగదిలో పాత పియానో ఉండేది, దాని మీద లేసు గుడ్డ, గదిలో కాఫీ వాసన, జుట్టుకు రాసే నూనె వాసన. నేను సోఫాలో కూర్చుని స్కూలు పని చేసుకుంటూ వినేదాన్ని. మొదటి రోజుల్లో పాడనిచ్చేదే కాదు. పాటలోని మాటను ముందు మామూలుగా చెప్పమనేది, ఎదుటి మనిషితో చెప్పినట్టు. చెప్పింది నమ్మబుద్ధి అయితే అప్పుడు అదే చోట, అదే గొంతుతో రాగం కలపమనేది. అమ్మకు అసలు కష్టమైంది తాళం. చిన్నప్పటినుంచి తాళం తప్పితే తొడ మీద దెబ్బ పడిన మనిషి ఆమె. మిస్ ఒడెస్సా తాళం పడిన తరవాత, తీరిగ్గా, వెనకగా వచ్చి మాట అందుకునేది. "నువ్వు బస్సు కోసం పరిగెత్తుతున్నావు షుగర్. పరిగెత్తకు. డ్రైవరు నీ చుట్టమే, ఆగుతాడు," అనేది. నెలల తరబడి అమ్మ పరిగెత్తుతూనే ఉంది. ఒక మంగళవారం ఎందుకో పరిగెత్తలేదు. పాట ఏమిటో నాకు గుర్తులేదు. పియానో ఒక అడుగు ముందు వెళ్ళిపోయింది. అమ్మ వెనక నుంచి లావుపాటి, కొంచెం గరుకైన మంద్రస్థాయిలో వచ్చి దాన్ని కలుసుకుంది. నేను పెన్సిలు కింద పెట్టాను. మిస్ ఒడెస్సా వాయించడం ఆపలేదు, తల కూడా తిప్పలేదు. "ఊఁ," అంది అంతే.

చర్చిలో అమ్మ మళ్ళీ లేచి నిలబడినప్పుడు పెద్ద ఆశ్చర్యం జరగలేదు. ఆ చర్చిలో గొంతు పోగొట్టుకుని ఇంకో గొంతు తెచ్చుకున్నవాళ్ళు అంతకుముందూ ఉన్నారు. నాన్న కూడా, "బాగుంది," అన్నారు. చిక్కు ఆ తరవాత వచ్చింది. శనివారం తనతో పాటు క్లబ్బులో రెండు పాటలు పాడమని మిస్ ఒడెస్సా అమ్మను అడిగింది. అమ్మ వారం రోజులు లోపల పెట్టుకుని, ఒక సాయంత్రం అన్నం వడ్డిస్తూ నాన్నకు చెప్పింది.

"మందు పోసేచోట నువ్వు పాడటానికి వీల్లేదు," అన్నారు నాన్న.

"ఆస్పత్రిలో తాగి పడ్డవాళ్ళ వాంతులు కడుగుతున్నానండీ. అప్పుడు మీరు వద్దనలేదు."

"అది ఉద్యోగం."

"ఇదేందో నాకు తెలీదు. కానీ ఆపరేషన్ తరవాత నేను మనిషినని అనిపించింది ఆ పాటలు పాడినప్పుడే. దేవుడు కోప్పడితే నామీద కోప్పడతాడు. మీరు మజ్జిగ పోసుకోండి."

నాన్న మజ్జిగ పోసుకున్నారు గానీ ఆ వారమంతా ఎవరితోనూ మాట్లాడలేదు. నేను భయపడ్డాను. మా ఇంట్లో గొడవలు అరుపులుగా ఉండేవి కాదు, ఇలాగే ఉండేవి. శనివారం సాయంత్రం అమ్మ ఆవాలరంగు వెంకటగిరి చీర కట్టుకుని బస్సుకని మెట్లు దిగుతుంటే, నాన్న కారు తాళాలు తీసుకుని వెనకే వచ్చారు. "దింపుతాను. లోపలికి మాత్రం రాను," అన్నారు. అన్నట్టే దింపి, క్లబ్బు వెనక పార్కింగ్‌లో కారు ఆపుకుని, స్కార్ఫు మెడకు చుట్టుకుని, బైబిలు తెరిచి కూర్చున్నారు. నేను అమ్మతో లోపలికి వెళ్ళాను. జనం భోజనాలు చేసే వేళ. చేపల వేపుడు వాసన, సిగరెట్ పొగ, తెల్లగుడ్డలు పరిచిన బల్లలు. చాలామంది మా చర్చివాళ్ళే. ఆదివారం టోపీలు లేవు, అంతే తేడా. మిస్ ఒడెస్సా మైకు ముందుకొచ్చి, "సిస్టర్ షుగర్, ఆంధ్రా నుంచి," అంది. అమ్మ మొదటి పాటలో మళ్ళీ బస్సు కోసం పరిగెత్తింది. రెండోదానిలో మధ్యలో ఒకచోట మాటలు వదిలేసి, మా తెల్లవారి కీర్తనల రాగాన్నే కిందికి దించి, నెమ్మదిగా ఒకసారి తిప్పి తెచ్చింది. వెనక బల్ల దగ్గర ఎవరో ఫోర్కు కింద పెట్టి, "పాడమ్మా," అన్నారు. ఈసారి అమ్మ ఆపలేదు.

ఆ తరవాత కొన్నేళ్ళు మా శనివారాలు అలాగే గడిచాయి. నాన్న దింపడం, కారులో కూర్చోవడం, మళ్ళీ తీసుకురావడం. చలికాలంలో క్లబ్బు వంటవాడు ఆయనకు కాఫీ పంపేవాడు. నాన్న థాంక్యూ చెప్పి కప్పు కారు కిటికీలోంచి తీసుకునేవారు. ఒక్కసారి కూడా గడప దాటలేదు. ఒకసారి రికార్డుల కంపెనీ మనిషి ఒకడు వచ్చి, అమ్మను బొట్టూ గాజులూ పెట్టుకుని, వెనక సితార్ మోగుతుంటే పాడమన్నాడు. అమ్మ ఇంటికొచ్చి, "నేను పుట్టి బుద్ధెరిగి పెట్టుకోని బొట్టు పెట్టుకుని, నాకు రాని పాట పాడాలంట," అని నాన్నకు చెప్పింది. ఆ శనివారం వాళ్ళిద్దరూ కలిసి నవ్వారు.

ఇంతలో చుట్టుపక్కల ఊళ్ళలో తెలుగు క్రైస్తవ కుటుంబాలు పెరిగి, నెలకోసారి ఒక్కొక్కరింట్లో కూడిక జరిగేది. అమ్మ క్లబ్బులో పాడే సంగతి అక్కడికీ చేరింది. మా ఇంట్లో కూడిక జరిగిన రోజు, ఆ కూడికలకు పెద్దరికం వహించే జోసెఫ్ అంకుల్, అందరూ చెప్పులు వేసుకుంటుంటే నాన్నను పక్కకు పిలిచాడు. మాటలు మాత్రం అందరికీ వినబడేట్టే అన్నాడు.

"బ్రదర్, సిస్టర్‌గారు ఆ పాటలు మానేదాకా మన కూడికల్లో పాట ఎత్తుకోకపోతే మంచిది. బయటివాళ్ళ ముందు మన సాక్ష్యం పోతుంది."

అమ్మ వంటింటి గుమ్మంలో ఉంది. నాన్న ఏమంటారో నాకు తెలుసనుకున్నాను. ఆయనకూ ఆ క్లబ్బు ఇష్టం లేదు కదా. నాన్న కళ్ళజోడు సర్దుకున్నారు.

"నా భార్య ఎక్కడ పాడుతోందో ప్రతి శనివారం నేను బయట కారులో కూర్చుని చూస్తున్నాను. ఆమె సాక్ష్యానికి నేనే సాక్షిని. ఆమె పాడకూడని కూడిక మా ఇంట్లో వద్దండి," అన్నారు.

జోసెఫ్ అంకుల్ వాళ్ళు మళ్ళీ మా ఇంటికి రాలేదు. మనది కాని దేశంలో ఉన్న నలుగురు మనవాళ్ళను వదులుకోవడం నాన్నకు చిన్న సంగతి కాదు. క్రిస్మస్‌కు ఫోను మోగనప్పుడు ఆయన ముఖం చూస్తే తెలిసేది. కానీ ఆ మాట వెనక్కి తీసుకోలేదు. అమ్మతో ఆ విషయం ఎత్తనూ లేదు. అమ్మా ఎత్తలేదు. ఆ తరవాతి శనివారం కారులో ఫ్లాస్కు నిండా అల్లం టీ పెట్టి ఇచ్చింది.

ఫ్యాక్టరీ మూతపడి నాన్నకు టెక్సస్‌లో ఉద్యోగం వచ్చినప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. ఆఖరి శనివారానికి ఇంటికి వచ్చాను. ఎండాకాలం, ఇంకా వెలుతురు ఉంది. అమ్మ కారు దిగగానే మిస్ ఒడెస్సా వెనక తలుపులోంచి బయటికొచ్చి, తిన్నగా నాన్న దగ్గరికెళ్ళి, కారు అద్దం మీద వేలితో కొట్టింది.

"బ్రదర్ దేవదానం, ఇన్నేళ్ళు నా పార్కింగ్‌లో కూర్చున్నావు. లోపలికి రమ్మని నేను ఒక్కరోజూ అడగలేదు. ఇప్పుడూ అడగను. మేమే ఇక్కడికొచ్చాం. అద్దం దించు."

నాన్న అద్దం దించారు. తరవాత ఏమనుకున్నారో, కారు దిగి, చొక్కా సర్దుకుని నిలబడ్డారు. వాళ్ళిద్దరూ చెత్తడబ్బాల పక్కన నిలబడి పాడారు, పియానో లేకుండా. మొగుడు దూరమైన ఒక ఆడమనిషి వంటింట్లో ఒంటరిగా అన్నం తినే పాట అది. చర్చి పాట కాదు. అమ్మ కావాలనే అది ఎంచుకుందనుకుంటాను. మిస్ ఒడెస్సా సగంలో తప్పుకుని అమ్మకు వదిలేసింది. నాన్న చేతులు కట్టుకుని, ముందు నేలను, తరవాత అమ్మను చూస్తూ, చివరిదాకా విన్నారు. వంటవాడు తలుపు దగ్గర నిలబడ్డాడు. పాట అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"రెండో చరణం చివర నీకు ఊపిరి చాలలేదు," అన్నారు నాన్న.

"ఆ మాట నేనూ ఎప్పటినుంచో చెబుతున్నా," అంది మిస్ ఒడెస్సా, నేను అనువాదం చేశాక.

టెక్సస్‌లో మేము చేరేసరికి తెలుగు చర్చి ఉంది. ఇప్పుడు చూస్తున్న ఈ హాలూ, స్క్రీను మీద మాటలూ, కార్లతో నిండిన పార్కింగూ అప్పుడు లేవు. ఒక స్కూలు గది, ఒక హార్మోనియం ఉండేవి. ఇప్పుడున్నవన్నీ మంచివే. మా పిల్లలు మాలాగా పక్కన ఎవరూ కూర్చోని బల్ల మీద కూర్చోవలసిన అవసరం రాలేదు. కానీ ఇక్కడ పాటల శ్రుతి ఎప్పుడూ పైనే. మొదటి వారం అమ్మ కొంచెం దించి పాడదామంటే, తక్కిన ఆడవాళ్ళకు అందదని, కావాలంటే సిస్టర్‌గారు మగవాళ్ళ శ్రుతిలో వాళ్ళతో కలిసి పాడొచ్చు కదా అని పాటల బాధ్యత చూసే ఆయన వినయంగానే అడిగాడు. అమ్మ నవ్వి కూర్చుంది. ఆ తరవాత ఒకే ఒక్కసారి నలుగురిలో పాడింది, కరొలైనాలో మిస్ ఒడెస్సా అంత్యక్రియల్లో. ఆ చర్చిలో నాన్న కూడా వెనక నుంచి, తెలుగులోనే, "నిదానం, నిదానం," అనడం నేను విన్నాను.

నాన్న పోయిన తరవాత ఒక ఆదివారం చర్చి నుంచి అమ్మను ఇంటికి తీసుకొస్తూ, నాకు ఆ శ్రుతి మీద, ఆ మర్యాద మీద ఎందుకో కోపం వచ్చింది. ఇన్నేళ్ళు నోరు మూసుకుని ఎలా కూర్చున్నావమ్మా, నీకు బాధ లేదా అని అడిగాను. అమ్మ సీటు బెల్టు సర్దుకుంది.

"దేవుడు నాకు రెండు గొంతులిచ్చాడే," అంది. "మొదటిది మీ నాయనమ్మ విని నన్ను కోడల్ని చేసుకుంది. రెండోది మీ నాన్న కారు దిగి విన్నాడు. ఇంకెవరికి వినిపించాలి?"